ఎవరి చేయి పడొచ్చు?

డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో ఒకప్పుడు ఒక పేరు కోసం ఏడాదికి పైగా తగాదా నడిచింది. ఆ పేరు నోడ్.

హ్యామ్ రేడియో వాళ్లకి ఆ పేరుతో ఓ పాత ప్రోగ్రాం ఉండేది. ప్యాకెట్ రేడియోలో ఒక స్టేషన్‌కి వచ్చినవాళ్లని అక్కణ్నుంచి ఇంకో స్టేషన్‌కి అందించడం దాని పని. ఎవరి జోలికీ పోకుండా /యూజర్/ఎస్‌బిన్ అనే డైరెక్టరీలో ఓ మూల ఉండేది. 2009లో ర్యాన్ డాల్ జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను నడిపే నోడ్.జేఎస్ తెచ్చాడు. అది /యూజర్/బిన్‌లో అదే పేరుతో ఉండాలని దాని వాళ్ల కోరిక. జావాస్క్రిప్ట్ రాసేవాళ్లంతా తమ స్క్రిప్టుల మొదటి వరసలోనే నోడ్‌ని పిలవడం మొదలుపెట్టారు. పాఠాలు చెప్పేవాళ్లు కూడా అదే కొట్టమని చెప్పారు.

డైరెక్టరీలు వేరు కదా, ఇక గొడవెందుకు అనిపిస్తుంది. కానీ షెల్‌లో పేరు కొట్టినప్పుడు అది తన జాబితాలోని డైరెక్టరీలన్నీ వరసగా వెతికి, ముందు ఏది దొరికితే దాన్నే నడుపుతుంది. రూట్‌గా లాగిన్ అయితే ఎస్‌బిన్ ముందు వస్తుంది. మామూలు యూజర్‌కి ఎస్‌బిన్ జాబితాలోనే ఉండదు. అంటే ఒకే మాట కొడితే ఒకరికి రేడియో, ఇంకొకరికి జావాస్క్రిప్ట్. డెబియన్ పాలసీలో దీని గురించి రాసే ఉంది. వేర్వేరు పనులు చేసే ప్రోగ్రాములను రెండు ప్యాకేజీలు ఒకే పేరుతో పెట్టకూడదు, మాట్లాడుకుని ఒకరు పేరు మార్చుకోవాలి, రాజీ కుదరకపోతే ఇద్దరూ మార్చుకోవాలి. ఈ చివరి ముక్క చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మొండికేస్తే ఎవరికీ దక్కదన్నమాట.

జావాస్క్రిప్ట్ వైపు జనం ఉన్నారు. రేడియో వైపు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమంది యంత్రాలు టవర్ల పక్కన, మనిషి నెలకోసారి కూడా తొంగిచూడని గదుల్లో ఏళ్ల తరబడి నడుస్తుంటాయి. సెట్టింగుల ఫైల్లో పాత పేరు ఉండిపోయి, ప్రోగ్రాం పేరు మాత్రం మారిపోతే, అప్‌గ్రేడ్ అయిన మర్నాడు స్టేషన్ పలకదు. 2012 జులైలో డెబియన్ టెక్నికల్ కమిటీ తీర్పు చెప్పింది. రేడియో ప్రోగ్రాం ఏఎక్స్25-నోడ్ కావాలి. జావాస్క్రిప్ట్‌ది నోడ్‌జేఎస్ కావాలి. పాత పేరు లేకపోతే గడవదనేవాళ్లకి నోడ్‌జేఎస్-లెగసీ అనే చిన్న ప్యాకేజీ ఇస్తారు. అందులో చెప్పుకోదగ్గది ఒక సింబాలిక్ లింకు, అంటే వేరే ఫైలుని చూపించే పేరు మాత్రమే. 2017లో కమిటీయే ఆ తీర్పును ఎత్తేసింది. ఇప్పుడు డెబియన్‌లో నోడ్ అంటే జావాస్క్రిప్టే.

చివరికి గుంపే గెలిచింది కదా, మధ్యలో ఇంత తతంగం దేనికని చాలామంది వెక్కిరించారు. నాకు మాత్రం ఆ మొదటి తీర్పే నచ్చుతుంది. మూల ఉన్నవాళ్లకి సర్దుకోవడానికి దాదాపు ఐదేళ్లు దొరికాయి.

నేను తీరిక వేళల్లో ప్యాకేజీలు చేస్తుంటాను. ఈ పని తెలియనివాళ్లకి ఓ రెండు మాటలు. ప్రోగ్రాం రాసినవాళ్లు సోర్సు కోడ్ ఇస్తారు. దాన్ని కంపైల్ చేస్తే ప్రోగ్రాం, లైబ్రరీలు, మాన్యువల్ పేజీలు, ఐకాన్లు, సెట్టింగుల ఫైళ్లు ఇలా బోలెడు పుడతాయి. అందులో ఏది యంత్రంలో ఏ చోటికి వెళ్లాలో తేల్చి, అన్నిటినీ ఒక మూట కట్టేది ప్యాకేజర్. డెబియన్ ప్యాకేజీ సోర్సులో ఇన్‌స్టాల్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ప్రతి వరసలో ఎడమవైపు ఏ ఫైలో రాస్తాం, కుడివైపు దాని చోటు రాస్తాం. చూడటానికి పది నిమిషాల పని. కుడివైపు రాసే ఆ మాట కోసమే ఒక్కోసారి వారాలు గడుస్తాయి.

దీనికో రూల్‌బుక్ ఉంది. లినక్స్ పుట్టిన కొత్తలో ఒక్కో డిస్ట్రిబ్యూషన్‌ది ఒక్కో పద్ధతి. ఒకదాని కోసం కట్టిన ప్రోగ్రాం ఇంకోదానిలో తన ఫైళ్లు తనకే దొరక్క నిలబడిపోయేది. డేనియల్ క్విన్లన్, ఇంకొందరు కూర్చుని 1994 ఫిబ్రవరి 14న ఎఫ్‌ఎస్‌స్టాండ్ అనే పత్రం విడుదల చేశారు. ప్రేమికుల రోజున డైరెక్టరీల గురించి పత్రం తేవడం వాళ్లకే చెల్లింది. అదే తర్వాత మిగతా యునిక్స్‌లను కూడా దృష్టిలో పెట్టుకుని ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్‌గా, అంటే ఎఫ్‌హెచ్‌ఎస్‌గా మారింది. 2004లో 2.3, 2015లో 3.0 వచ్చాయి.

ఆ పత్రం ఏ ఫైలునైనా రెండు ప్రశ్నలు అడుగుతుంది. దీన్ని వేరే యంత్రాలతో పంచుకోవచ్చా? ఇది తనంతట తాను మారుతుందా, లేక ఎవరైనా పనిగట్టుకుని మారిస్తేనే మారుతుందా? మాన్యువల్ పేజీని పంచుకోవచ్చు, అది మారదు. కాబట్టి /యూజర్/షేర్. యంత్రం సెట్టింగు పంచుకునేది కాదు, ఊరికే మారదు. /ఈటీసీ. లాగ్ ఫైలు గంటగంటకీ పెరుగుతుంది. /వార్. ఈ రెండు ప్రశ్నలతో చాలావరకు బండి నడుస్తుంది. కానీ నన్ను నిలబెట్టేసిన ఫైళ్ల దగ్గర ఈ రెండూ చాల్లేదు. అక్కడ పనికొచ్చిన ప్రశ్న వేరు: ఈ ఫైలు మీద ఎవరి చేయి పడొచ్చు?

ఓ తెలుగు ఫాంటునే తీసుకుందాం, పోతన2000 లాంటిది. ఫాంటు ఫైలు /యూజర్/షేర్/ఫాంట్స్ కిందికి వెళ్తుంది. ఇంటెల్ యంత్రంలోనైనా, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పైలోనైనా అదే ఫైలు. అక్కడ చేయి పెట్టే హక్కు ప్యాకేజీది. తెలుగు అక్షరం కనిపిస్తే ఏ ఫాంటు ముందు వాడాలి అనే నియమం అమల్లో ఉండాలా వద్దా అనేది /ఈటీసీ/ఫాంట్స్‌లో తేలుతుంది. అది ఆ యంత్రాన్ని చూసుకునే అడ్మిన్ ఇష్టం. ఉన్న ఫాంట్లన్నీ చదివి వేగం కోసం యంత్రం తనకి తాను రాసుకునే లెక్క /వార్/క్యాష్/ఫాంట్‌కాన్ఫిగ్‌లో ఉంటుంది. దాన్ని మొత్తం చెరిపేసినా మళ్లీ రాసుకుంటుంది, ఎవరికీ నష్టం లేదు. ఇక పెళ్లిపత్రిక డిజైన్ కోసం ఎక్కణ్నుంచో దించుకొచ్చిన ఫాంటు ఆ మనిషి హోమ్ డైరెక్టరీలో, లోకల్/షేర్/ఫాంట్స్ కింద ఉంటుంది. అక్కడికి ప్యాకేజీ రాకూడదు, అడ్మిన్ కూడా మర్యాదగా రాకూడదు. చూడటానికి ఒక్క ఫాంటు వ్యవహారం, చేతులు మాత్రం నాలుగు.

అన్ని హద్దులూ ఇలా మనుషుల మధ్య గీసినవి కావు. కొన్ని డిస్కులు గీసినవి. మామూలుగా వాడే ఆదేశాలు కొన్ని /బిన్‌లో, కొన్ని /యూజర్/బిన్‌లో ఎందుకున్నాయని ఏ కొత్త విద్యార్థి అడిగినా, మా తరం వాళ్లం గంభీరంగా ఒక జవాబు చెప్పేవాళ్లం. యంత్రం చెడిపోయినప్పుడు బాగుచేయడానికి కావలసినవి /బిన్‌లో ఉంటాయి, మిగతావి /యూజర్‌లో ఉంటాయి, ఆ /యూజర్ వేరే డిస్కు మీదో నెట్‌వర్క్ మీదో ఉండొచ్చు అని. జవాబు తప్పేమీ కాదు. విశ్వవిద్యాలయాల్లో ఒకే సర్వర్ మీది /యూజర్‌ని చాలా యంత్రాలు పంచుకున్న రోజులు నిజంగానే ఉన్నాయి. కానీ అసలు మొదలు వేరే అని చెబుతారు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ-11 మీద యునిక్స్‌ని పెంచుతున్నప్పుడు మొదటి డిస్కు నిండిపోయింది. ఆ కాలపు ఆర్‌కే05 డిస్కుకి పట్టేది సుమారు రెండున్నర మెగాబైట్లు, ఇప్పటి ఫోను తీసే ఒక్క ఫొటో అంత. రెండో డిస్కు మీద యూజర్ల సొంత ఫైళ్లు ఉండేవి, దాని పేరే /యూజర్. పట్టని ప్రోగ్రాములు అక్కడికి చేరాయి. మిగతా సిద్ధాంతమంతా తర్వాత అల్లుకున్నది.

డిస్కులు పెద్దవయ్యాయి. యంత్రం లేచేటప్పుడు తొలి అడుగులు వేయించే పనిని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థ తీసుకుంది. చీలికకి పనిలేకుండా పోయింది. 2012లో ఇంకో డిస్ట్రిబ్యూషన్, ఫెడోరా 17, రెండిటినీ కలిపేసింది. /బిన్ ఇప్పుడు /యూజర్/బిన్‌కి ఒక లింకు మాత్రమే. డెబియన్‌కి అదే పని ముగించడానికి చాలా ఏళ్లు పట్టింది. 2023లో వచ్చిన డెబియన్ 12 బుక్‌వార్మ్ నుంచి కలిసిన పద్ధతే పద్ధతి. ఆలస్యానికి బద్ధకం కారణం కాదు. డెబియన్‌లో ఏ ఫైలు ఏ ప్యాకేజీదో రాసిపెట్టే చిట్టా డీపీకేజీ దగ్గర ఉంటుంది. దాని దృష్టిలో /బిన్‌లోని ఒక ఫైలు, /యూజర్/బిన్‌లోని అదే పేరు ఫైలు వేర్వేరు ఆస్తులు. డైరెక్టరీలు కలిసిపోయాక అవి రెండూ ఒకటే. ఒక ఫైలు పాత ప్యాకేజీలోని /బిన్ నుంచి కొత్త ప్యాకేజీలోని /యూజర్/బిన్‌కి మారిందనుకోండి. పాత ప్యాకేజీ తన వాటా తీసేసుకుంటూ కొత్తదాని ఫైలును కూడా చెరిపేయగలదు, తప్పేమీ చేయనట్టే. ఇలాంటి చిక్కులు ఒక్కొక్కటీ విప్పుకుంటూ రావాల్సి వచ్చింది.

డిస్కు కోసం గీసిన హద్దు డిస్కు పోయాక కరిగిపోయింది. /ఈటీసీ, /వార్, /యూజర్/లోకల్ మాత్రం అలాగే ఉన్నాయి. ఎందుకో తెలియాలంటే డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్‌ని ఒకసారి దగ్గరగా చూడాలి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రాసినవాళ్ల పద్ధతి సులువైనది. ఒక డైరెక్టరీ ఇవ్వండి, అందులోనే మీ డేటా, అందులోనే సెట్టింగుల ఫైలు, ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే ఫైలు కూడా అందులోనే. ఆ ఒక్క డైరెక్టరీ చూపిస్తే సర్వర్ లేస్తుంది. రూట్ అధికారం లేని మామూలు యూజర్ కూడా తన మూల తాను నడుపుకోవచ్చు. ఫెడోరా కుటుంబం ఈ పద్ధతినే పాటిస్తుంది. డెబియన్ వాళ్లు దాన్ని విడదీశారు. సెట్టింగులు /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో, వెర్షన్ నంబరు కింద. డేటా /వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో, మళ్లీ వెర్షన్ నంబరు కింద. లాగ్‌లు /వార్/లాగ్‌లో. సర్వర్ ప్రోగ్రాములు /యూజర్/బిన్‌లో కాదు, /యూజర్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కింద వెర్షన్ నంబరు ఉన్న డైరెక్టరీలో.

అంత లోపల దాచడం దేనికంటే, డేటాబేస్‌ని కొత్త వెర్షన్‌కి మార్చే రోజు పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉండాలి. పెద్ద వెర్షన్ మారితే డిస్కు మీద డేటా రాసే తీరే మారిపోతుంది. బుక్‌వార్మ్‌లో 15, తర్వాతి ట్రిక్సీలో 17. డెబియన్‌ని అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన మీ డేటా 17కి మారదు. 15 తన చోట తాను నడుస్తూనే ఉంటుంది. 17 పక్కన లేస్తుంది, మామూలు 5432 పోర్టు పాతదాని దగ్గరే ఉంటుంది కనుక తను 5433 తీసుకుంటుంది. ఎప్పుడు మార్చాలో అడ్మిన్ నిర్ణయించి ఆదేశం ఇచ్చినప్పుడే మార్పు. ప్రోగ్రాములను తిన్నగా /యూజర్/బిన్‌లో పెట్టి ఉంటే కొత్తది వచ్చి పాతదాని మీద కూర్చునేది. అప్పుడు ఆ డేటాని చదవగల ప్రోగ్రామే యంత్రంలో మిగలదు.

దీనివల్ల చిరాకులూ ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ సొంత పుస్తకం చదివి డేటా డైరెక్టరీలో సెట్టింగుల ఫైలు కోసం వెతికితే డెబియన్‌లో దొరకదు. సర్వర్‌తో అదే యంత్రం మీద మాట్లాడటానికి వాడే సాకెట్‌ని రాసినవాళ్లు /టెంప్‌లో పెడతారు, డెబియన్ /వార్/రన్‌లో పెడుతుంది. ఎవరైనా సోర్సు నుంచి సొంతంగా కట్టుకున్న క్లయింటుతో ప్రయత్నిస్తే అది /టెంప్‌లో చూసి, సర్వర్ లేదు పొమ్మంటుంది. పక్కనే సర్వర్ నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది.

ఇంతకన్నా నాకు ఇష్టమైన సంగతి ఇంకోటుంది. 2014లో వచ్చిన 9.4 నుంచి, డేటాబేస్ లోపలినుంచే ఆల్టర్ సిస్టమ్ అనే ఆదేశంతో సెట్టింగు మార్చొచ్చు. ఆ మార్పు ఎక్కడ రాసిపెట్టాలి? సెట్టింగే కదా, /ఈటీసీలో అనిపిస్తుంది. కానీ రాస్తున్నది సర్వర్, మనిషి కాదు. అందుకని అది డేటా డైరెక్టరీలోనే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ అనే ఫైల్లో రాస్తుంది. దీన్ని చేత్తో మార్చకండి, మళ్లీ నేనే తిరగరాసేస్తాను అని ఆ ఫైలు మొదటి వరసల్లోనే హెచ్చరిక ఉంటుంది. డెబియన్‌లో కూడా అది అక్కడే ఉంటుంది. పైగా రెండిట్లో తేడా వస్తే చెల్లేది దాని మాటే. /ఈటీసీలో విలువ మార్చి, సర్వర్‌ని ఆపి లేపి, అయినా మార్పు కనబడక జుట్టు పీక్కున్న అడ్మిన్లని నేను చూశాను. అయినా ఆ ఫైలు చోటు అదే సరైనది. ఒకే ఫైల్లో మనిషి, యంత్రం ఇద్దరూ రాయడం మొదలుపెడితే ఏ వరస ఎవరిదో కొన్నాళ్లకి ఎవరికీ తెలియదు.

ఇక /యూజర్/లోకల్. డెబియన్ ప్యాకేజీ ఏదీ అక్కడ ఫైలు పెట్టకూడదు. మహా అయితే ఖాళీ డైరెక్టరీ చేసిపెట్టొచ్చు, అంతే. అది అడ్మిన్ సొంతంగా కట్టుకున్న ప్రోగ్రాములకి వదిలేసిన చోటు. అద్దె ఇంటికి సున్నం వేయించడానికి వచ్చిన ఓనరు, ఉన్నవాళ్ల బీరువా తెరవడు కదా, అలాగన్నమాట. ఇంటి తాళం తన దగ్గర ఉన్నా సరే.

ఈ హద్దు మీద పైథాన్ వాళ్లతో ఏళ్ల తరబడి పేచీ నడిచింది. వాళ్ల లైబ్రరీలు దించి వేసే పరికరం పేరు పిప్. మా మేనల్లుడు కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఓ రాత్రి ఫోన్ చేశాడు.

"మావయ్యా, పిప్‌తో ఒక లైబ్రరీ వేయబోతే కుదరదంటోంది. ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ అంటుంది. నా లాప్‌టాప్‌లో నాకు అడ్డం చెప్పడానికి అదెవరు?"

"అడ్డం చెప్తున్నది పిప్పేరా, డెబియన్ తరఫున."

"అయితే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అని ఇచ్చేస్తా. ఫ్రెండ్స్ అందరూ అదే ఇస్తున్నారు."

"ఆ ఆప్షన్‌కి ఆ పేరు ఊరికే పెట్టలేదు, బాబూ. వీఈఎన్‌వీ అని నీకు విడి డైరెక్టరీ చేసుకో, అందులో నీ ఇష్టం వచ్చినవి వేసుకో."

వాడు వినే ఉంటాడనే నమ్మకం నాకు లేదు. సంగతి ఏమిటంటే, డెబియన్‌లో పైథాన్‌తో నడిచే పరికరాలు చాలా ఉన్నాయి. వాటి లైబ్రరీలు /యూజర్/లిబ్/పైథాన్3/డిస్ట్-ప్యాకేజెస్‌లో ఉంటాయి. రూట్‌గా పిప్ నడిపితే అది /యూజర్/లోకల్‌లో వేసేది, అంతవరకు మర్యాదే. కానీ పైథాన్ వెతికేటప్పుడు ముందు లోకల్‌లో చూస్తుంది. అడ్మిన్ సరదాగా వేసిన కొత్త లైబ్రరీ, సిస్టమ్ పరికరం నమ్ముకున్న పాత లైబ్రరీని కప్పేసేది. ఎవరి ఫైళ్లు వాళ్ల చోటే ఉన్నా పరికరం మాత్రం కూలిపోయేది. చివరికి పెప్ 668 అనే ఒప్పందం వచ్చింది. డిస్ట్రిబ్యూషన్ తన పైథాన్ డైరెక్టరీలో ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్ అనే పేరుతో చిన్న టెక్స్ట్ ఫైలు పెడితే పిప్ దాన్ని చూసి ఆగిపోతుంది. డెబియన్‌లో అది బుక్‌వార్మ్‌తో వచ్చింది. దేశంలోని ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లన్నిట్లో అప్పుడే తిట్లు మొదలయ్యాయనుకుంటాను.

ఈ పంచాయితీలన్నీ అసలు వద్దనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఎల్కో డోల్‌స్ట్రా 2006 నాటి పీహెచ్‌డీలో వివరించిన నిక్స్ ప్రతి ప్యాకేజీకీ ఒక పొడుగాటి హాష్ పేరుతో విడి డైరెక్టరీ ఇస్తుంది. నిక్స్‌ఓఎస్‌లో /బిన్ తెరిస్తే షెల్ ఒక్కటే, /యూజర్/బిన్ తెరిస్తే ఎన్వ్ ఒక్కటే కనిపిస్తాయి. నోడ్‌లు పది ఉన్నా పదీ బతుకుతాయి. బుద్ధి ఒప్పుకుంటుంది, చేతికి అలవాటు కావడం లేదు. /ఆప్ట్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బయటి కంపెనీలు తమ సామాను మొత్తం ఒకే గదిలో పడేసుకోవడానికి ఇచ్చిన చోటు, డెబియన్ సొంత ప్యాకేజీలు అటు పోవు.

అడ్మిన్ చేతికీ ప్యాకేజీ చేతికీ అసలు గీత పడేది /ఈటీసీలో. అక్కడి సెట్టింగుల ఫైళ్లను డెబియన్‌లో కాన్ఫ్‌ఫైళ్లు అంటాం. అవి ప్యాకేజీతోనే వస్తాయి, కానీ వచ్చి పడిన క్షణం నుంచి అడ్మిన్‌వి. డీపీకేజీ తను పెట్టిన ప్రతి కాన్ఫ్‌ఫైలుకీ ఒక చెక్‌సమ్ గుర్తుపెట్టుకుంటుంది. అప్‌గ్రేడ్ సమయంలో మూడిటిని పోల్చుతుంది: అప్పట్లో ఇచ్చినది, ఇప్పుడు డిస్కు మీద ఉన్నది, కొత్తగా వచ్చినది. అడ్మిన్ మార్చకపోతే కొత్తది చప్పుడు లేకుండా పెట్టేస్తుంది. ప్యాకేజీ మార్చకపోతే ఉన్నదాన్ని ఉండనిస్తుంది. ఇద్దరూ మార్చి ఉంటేనే ఆగి అడుగుతుంది. వై కొడితే ప్యాకేజీది, ఎన్ కొడితే మీది, డి కొడితే రెండిటి తేడా, జెడ్ కొడితే ఒక షెల్ ఇస్తాను, వెళ్లి చూసుకుని రండి. ఏమీ ఆలోచించకుండా ఎంటర్ నొక్కితే మీదే ఉంటుంది. అర్ధరాత్రి నిద్రమత్తులో అప్‌గ్రేడ్ చేసేవాళ్లు ఎంటరే నొక్కుతారని ఊహించి పెట్టినట్టుంది ఈ డిఫాల్టు.

ప్యాకేజీని తీసేసినా కాన్ఫ్‌ఫైళ్లు పోవు. జాబితాలో ఆ పేరు పక్కన ఆర్‌సీ అని కనిపిస్తుంది, ప్యాకేజీ పోయింది కానీ సెట్టింగులు ఉన్నాయని. పూర్తిగా పోవాలంటే పర్జ్ అని విడిగా చెప్పాలి. పోస్ట్‌గ్రెస్ అయితే పర్జ్ అన్నా కూడా డేటా డైరెక్టరీలు తీసేయమంటారా అని ఇంకోసారి అడుగుతుంది. అడగాలి మరి.

కాన్ఫ్‌ఫైళ్ల దగ్గర నన్ను డెబియన్‌కి కట్టిపడేసింది ఇంకో చిన్న ప్రవర్తన. అడ్మిన్ ఒక కాన్ఫ్‌ఫైలును మార్చలేదు, ఏకంగా చెరిపేశాడనుకోండి. తర్వాతి అప్‌గ్రేడ్‌లో డీపీకేజీ దాన్ని తనంతట తాను మళ్లీ తెచ్చిపెట్టదు. లేకపోవడాన్ని కూడా మార్పు కిందే జమకడుతుంది. మిగతా ప్రోగ్రాములు చాలావరకు, ఫైలు కనబడకపోతే పొరపాటున పోయిందనుకుని ఆత్రంగా మళ్లీ పెట్టేస్తాయి.

అయితే ఈ గౌరవం మామూలు ఫైళ్లకే. సింబాలిక్ లింకులను డీపీకేజీ కాన్ఫ్‌ఫైళ్లుగా చూడదు. ఫాంట్ల దగ్గర సరిగ్గా ఇదే అడ్డం వస్తుంది. తెలుగుకి ఈ ఫాంటు ముందు వాడండి అనే నియమం అసలు ఫైలు /యూజర్/షేర్/ఫాంట్‌కాన్ఫిగ్ కింద ఉంటుంది. దాన్ని అమల్లో పెట్టడానికి /ఈటీసీ/ఫాంట్స్/కాన్ఫ్.డిలో దానికి ఒక లింకు ఉంటుంది. నా ఫాంటు నచ్చని అడ్మిన్ ఆ లింకు చెరిపేస్తే నియమం ఆగిపోతుంది. ఎంతో తేలికైన పద్ధతి. కానీ లింకు ప్యాకేజీ లోపల ఉంటే, నేను ఎప్పుడో ఓ అక్షరం సరిచేసి కొత్త వెర్షన్ వదిలిన రోజు అది మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఆయన వద్దన్న మాట ఎక్కడా రాసి లేదు.

అందుకని లింకును ప్యాకేజీ నుంచి తీసేసి, ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే స్క్రిప్టులో పెట్టాను. ఆ స్క్రిప్టుకి రెండో ఆర్గ్యుమెంటుగా పాత వెర్షన్ నంబరు అందుతుంది. అది ఖాళీగా ఉంటే మొదటిసారి వేస్తున్నట్టు, అప్పుడు లింకు పెడుతుంది. నంబరు ఉంటే అప్‌గ్రేడ్, లింకు జోలికి పోదు. దీనికీ ఖర్చుంది. స్క్రిప్టు పెట్టిన లింకు డీపీకేజీ చిట్టాలో ఉండదు. ఇదెవరిదని అడిగితే తెలియదంటుంది. తీసేసే బాధ్యత కూడా నా ఇంకో స్క్రిప్టుదే.

నా ప్యాకేజీలు పరిశీలించి అప్‌లోడ్ చేసే పెద్దాయనకి ఇది నచ్చలేదు. "లింకు ప్యాకేజీలోనే ఉంచండి. వద్దనుకునేవాళ్లు లోకల్.కాన్ఫ్‌లో తమ నియమం రాసుకుంటారు, దాని కోసమే అది ఉంది" అన్నారు. వద్దు అని చెప్పడానికి ఒకర్ని ఎక్స్‌ఎంఎల్ రాయమనడం అన్యాయమండీ అన్నాను. ఎవరిదో తెలియని ఫైళ్లు /ఈటీసీలో వదలడం అంతకన్నా అన్యాయం అని ఆయన. కొత్త వెర్షన్ సిద్ధంగానే ఉంది, ఈ ఒక్క లింకు తేలితే అప్‌లోడ్ అవుతుంది.